పురుగుమందుల వల్ల చర్మానికి వచ్చే అలర్జీ: గుర్తించడం, నిర్ధారించుకోవడం, దూరంగా ఉంచడం

పురుగుమందు కొట్టిన మరునాడు ముంజేతుల మీద ఎర్రటి దద్దులు లేచి దురద మొదలైతే చాలామంది ‘మందు పడలేదు’ అని ఒక్క మాటతో సరిపెట్టుకుంటారు. ఆ మాట వెనుక నాలుగు వేర్వేరు విషయాలు ఉండవచ్చు. రసాయనం చర్మాన్ని నేరుగా గాయపరచడం ఒకటి, చర్మంలోని నరాలు కొన్ని గంటలపాటు చిమచిమలాడటం రెండోది, మందు రక్తంలోకి దిగి విషప్రభావం చూపడం మూడోది, శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ ఆ రసాయనాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకోవడం నాలుగోది. నిజానికి అలర్జీ అనదగ్గది నాలుగోది మాత్రమే. మొదటి రెండింటిలో మందు తాకే మోతాదు తగ్గితే బాధా తగ్గుతుంది. మూడోదానిలో గంట ఆలస్యమైనా ప్రాణం మీదికి రావచ్చు. నాలుగోదానిలో మోతాదును ఎంత తగ్గించినా ఫలితం అంతంతమాత్రమే, ఆ పదార్థాన్నే వదులుకోవలసి వస్తుంది. అందువల్ల ఏది జరిగిందో తేల్చుకోకుండా మాత్రలు, పూతమందులు వాడటం గుడ్డిదెబ్బ వంటిది.

ఇక్కడ పురుగుమందు అనే మాటను విస్తృతార్థంలోనే వాడుతున్నాను. కీటకనాశినులతో పాటు తెగుళ్ల మందులు, కలుపు మందులు, విత్తనశుద్ధి మందులు, ఇంట్లో దోమలకూ బొద్దింకలకూ వాడేవి, పెంపుడు జంతువుల పేలకూ మనుషుల తలలో పేలకూ రాసేవి అన్నీ ఇందులోకే వస్తాయి. అలర్జీ విషయంలో కీటకనాశినుల కంటే తెగుళ్ల మందులకే చెడ్డపేరు ఎక్కువ.

మొదటి మెట్టు: ప్రాణాపాయం ఉందేమో చూడాలి

చర్మం సంగతి ఆ తరువాత. మందు తాకిన నిమిషాల్లోనో గంట రెండు గంటల్లోనో ఒళ్లంతా దద్దుర్లు లేవడం, పెదవులూ నాలుకా కనురెప్పలూ ఉబ్బడం, గొంతు బిగుసుకుపోవడం, పిల్లికూతలు, కళ్లు తిరగడం, వాంతులు కలిసి వస్తే అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణాంతకమైన తక్షణ అలర్జీ కావచ్చు. దానికి మొదటి మందు అడ్రినలిన్ ఇంజెక్షన్. దాన్ని తొడ బయటివైపు కండరంలో, కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము చొప్పున, పెద్దలకు గరిష్ఠంగా 0.5 మిల్లీగ్రాముల దాకా ఇస్తారు. గతంలో ఇలాంటిది వచ్చినందువల్ల వైద్యుడు అడ్రినలిన్ పెన్ను రాసిచ్చి ఉంటే వెంటనే వాడాలి, ఆ తరువాత అంబులెన్సును పిలవాలి. దురద మాత్ర వేసుకుని తగ్గుతుందేమోనని కూర్చోవడం ఇక్కడ జరిగే అతి పెద్ద పొరపాటు, ఎందుకంటే ఆ మాత్ర దద్దుర్లను తగ్గించగలదు గాని మూసుకుపోతున్న గొంతును తెరవలేదు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా ఉంచాలి. ఊపిరి ఆడకపోతే మాత్రం కూర్చోనివ్వాలి. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల తరువాత మళ్లీ రావచ్చు కనుక ఆసుపత్రిలో పరిశీలనలో ఉండటం తప్పనిసరి.

విషప్రభావపు గుర్తులు వేరుగా ఉంటాయి. ఆర్గానోఫాస్ఫేటు, కార్బమేటు మందులు ఒంట్లోకి దిగితే నోట్లో లాలాజలం ఊరుతుంది, కళ్లలో నీరు, విపరీతమైన చెమట, కడుపునొప్పి, విరేచనాలు వస్తాయి, కంటిపాపలు సూదిమొనంత చిన్నవవుతాయి, కండరాలు అదురుతాయి. చేతి మీద దద్దు కనిపిస్తోంది కదా, ఇది అలర్జీయేనని భ్రమపడి ఈ లక్షణాలను పట్టించుకోకపోవడం చాలా ప్రమాదకరం. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, మందు డబ్బా మీది లేబుల్‌ను గాని దాని ఫొటోను గాని వెంట తీసుకుపోవాలి. పారాక్వాట్ అనే కలుపు మందు గురించి ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి: అది గోళ్లను దెబ్బతీస్తుంది, చర్మాన్ని పుండు చేస్తుంది, ఆ పుండులోంచే ఒంట్లోకి చేరి ఊపిరితిత్తులను పాడుచేసి ప్రాణాలు తీసిన ఉదంతాలు వైద్యసాహిత్యంలో ఉన్నాయి. అది పడ్డచోట పుండు ఏర్పడితే దాన్ని మామూలు చర్మవ్యాధిగా చూడకూడదు.

రెండో మెట్టు: కడగడం, సరైన పద్ధతిలో

తడిసిన బట్టలను ముందు విప్పాలి. వాటితో పాటు బెల్టు, వాచీ పట్టీ, ఉంగరాలు, చెప్పులు కూడా తీసెయ్యాలి, ఎందుకంటే తోలు, గుడ్డ మందును పీల్చుకుని రోజుల తరబడి చర్మానికి తినిపిస్తూ ఉంటాయి. పొడి మందు పడితే నీళ్లు పోయక ముందే మెల్లగా దులిపెయ్యాలి. అల్యూమినియం ఫాస్ఫైడ్ విషయంలో ఇది మరీ ముఖ్యం; అది తడి తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువును విడుస్తుంది కనుక ఆరుబయట, గాలి వీచేచోట ముందు దులిపి, ఆ పైన మాత్రమే ధారాళంగా నీళ్లు పోయాలి.

మిగతా మందులన్నింటికీ పారే నీరు, సబ్బు, 15 నుంచి 20 నిమిషాల సమయం కావాలి. నీరు చల్లగానో గోరువెచ్చగానో ఉండాలి. వేడినీళ్లు చర్మంలోని రక్తనాళాలను విప్పార్చి మందును మరింత లోపలికి రానిస్తాయి. పీచుతోనో రాయితోనో గట్టిగా రుద్దితే చర్మపు పైపొర గీసుకుపోయి మందుకు దారి ఏర్పడుతుంది కాబట్టి అరచేత్తోనే సబ్బు రాయాలి. వెంట్రుకలు, చెవుల వెనుక భాగం, గోళ్ల సందులు, వేళ్ల మధ్య, గజ్జలు మరచిపోయే చోట్లు. కిరోసిన్, పెట్రోలు, థిన్నరుతో తుడిచే అలవాటు కొందరిలో ఉంది. ఆ ద్రావకాలు మందును కరిగించి చర్మంలోకి మోసుకుపోతాయి, పైగా చర్మంలోని కొవ్వును లాగేసి మంట పుట్టిస్తాయి. కంట్లో పడితే కాంటాక్ట్ లెన్సులు తీసేసి, రెప్పలు విప్పి పట్టుకుని, అంతే సేపు నీటితో కడిగి, తరువాత కంటి వైద్యుడికి చూపించాలి.

మూడో మెట్టు: గడియారాన్ని అడగడం

ఇంట్లో కూర్చుని చేయగల పరీక్షల్లో దీనికి మించింది లేదు. మందు తాకిన క్షణానికీ మొదటి లక్షణానికీ మధ్య ఎంత సమయం గడిచిందో గుర్తుచేసుకోండి.

నిమిషాల నుంచి గంటలోపు దద్దుర్లు లేచి, ఒక్కో దద్దు ఒక రోజులోపే మాయమై మరోచోట తేలుతుంటే అది తక్షణ రకం అలర్జీ. దద్దు చుట్టూ పెన్నుతో గీత గీసి మరునాడు చూస్తే సంగతి తెలిసిపోతుంది: దద్దు గీతలోపల అలాగే ఉంటే అది ఈ రకం కాదు.

గంట రెండు గంటల్లో ముఖం మీద, మెడ మీద చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు, మిరపకాయ రాసినట్టు అనిపిస్తూ, అద్దంలో చూస్తే చర్మం మాత్రం మామూలుగా ఉంటే అది పైరెత్రాయిడ్లు అనే కీటకనాశినుల పని. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, లామ్డా సైహలోత్రిన్, ఫెన్‌వాలరేట్ వంటివి చర్మంలోని నరాల సోడియం ద్వారాలను తెరిచి ఉంచడం వల్ల ఈ చిమచిమ పుడుతుంది. ఎండ, చెమట, వేడినీళ్లు దీన్ని రెచ్చగొడతాయి. సాధారణంగా ఒక రోజులో దానంతటదే పోతుంది, దద్దుగా మారదు. సబ్బుతో కడిగిన తరువాత విటమిన్ ఇ నూనె రాస్తే ఉపశమనం కలుగుతుంది. దీన్ని అలర్జీ అని పొరబడేవారు లెక్కలేనంతమంది.

కొన్ని గంటల్లోనే మందు పడిన మేరకు, గీత గీసినట్టుగా ఎర్రబడి, దురద కంటే మంట, నొప్పి ఎక్కువగా ఉండి, చర్మం పగిలి పొలుసులు లేస్తే అది రాపిడి రకం చర్మశోథ, అంటే రసాయనం చేసిన గాయం (ఇక్కడ రాపిడి అంటే ఒరుసుకోవడం కాదు). ఎవరి మీద పడినా, తగినంత మోతాదు ఉంటే, ఇది వస్తుంది. పురుగుమందుల వల్ల కలిగే చర్మవ్యాధుల్లో ఎక్కువ భాగం ఇదే.

ఒక రోజు నుంచి మూడు రోజుల తరువాత, తీవ్రమైన దురదతో, చిన్న చిన్న నీటిపొక్కులతో, మందు పడిన హద్దు దాటి వ్యాపిస్తూ, మందు ఆపినా రెండు మూడు వారాలు వేధిస్తే అదే ఆలస్యపు రకం అలర్జీ. సోమవారం పొద్దున పిచికారీ చేసిన మనిషికి బుధవారం రాత్రి దురద మొదలవుతుంది. మధ్యలో మంగళవారం తిన్న వంకాయ మీదికి నేరం పోతుంది. ఈ రోగాన్ని ఏళ్ల తరబడి కనిపెట్టలేకపోవడానికి ముఖ్యకారణం ఈ ఎడమే.

శరీరం ఎలా గుర్తుపెట్టుకుంటుంది

చర్మాన్ని దాటి లోపలికి పోగల రసాయనాలు చాలావరకు చిన్న అణువులు, 500 డాల్టన్లకు (అణువుల బరువును కొలిచే ప్రమాణం) లోపు బరువున్నవి. అంత చిన్నదాన్ని రోగనిరోధక వ్యవస్థ సొంతంగా గుర్తించలేదు. కానీ చర్మంలోని ప్రోటీన్లకు అది అంటుకుందంటే ఆ జంట కొత్త ముఖంగా కనిపిస్తుంది. చర్మంలో కాపలా తిరిగే లాంగర్‌హాన్స్ కణాలు, వాటి సోదర కణాలు దాన్ని పట్టుకుని దగ్గరి శోషరస గ్రంథికి తీసుకుపోయి అక్కడి టి కణాలు అనే తెల్ల రక్తకణాలకు చూపిస్తాయి. ఆ ముఖాన్ని నేర్చుకున్న టి కణాలు పెద్దసంఖ్యలో పుట్టి ఒళ్లంతా తిరుగుతాయి. దీనికి సుమారు 10 నుంచి 14 రోజులు పడుతుంది, ఈ కాలంలో పైకి ఏమీ కనిపించదు. సెన్సిటైజేషన్ అంటే ఈ నిశ్శబ్దపు నేర్పు. ఇది పూర్తయిన తరువాత అదే రసాయనం మళ్లీ ఎక్కడ తాకినా, ఎంత కొద్దిగా తాకినా, ఒకటి రెండు రోజుల్లో ఆ కణాలు అక్కడ మూగి మంట లేపుతాయి. కొన్నిసార్లు పాత మచ్చలున్న చోట్లు కూడా తిరిగి రాజుకుంటాయి.

దీనినుంచి మూడు విషయాలు తేలుతాయి. మొదటిది, జీవితంలో మొట్టమొదటిసారి తాకినప్పుడే ఈ రకం అలర్జీ రాదు. అయినా ‘ఇరవై ఏళ్లుగా ఇదే మందు కొడుతున్నాను, ఎప్పుడూ ఏమీ కాలేదు’ అన్న వాదన ఎవరినీ కాపాడదు, ఎందుకంటే ఆ నేర్పు ఇరవై ఒకటో ఏట కూడా జరగవచ్చు. రెండోది, ఒకసారి నేర్చుకున్నది చాలామందిలో జీవితాంతం ఉంటుంది. మూడోది అన్నింటికంటే పనికివచ్చేది: నేర్పు జరగడం అనేది ఒంటి మీద మొత్తం ఎంత మందు పడిందన్నదాని మీద కంటే, ఒక చదరపు సెంటీమీటరు చర్మం మీద ఎంత పడిందన్నదాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. నీళ్లలో కలిపిన పలుచని తుంపర ఒళ్లంతా పడటం కంటే, డబ్బా మూత తీస్తున్నప్పుడు చిక్కటి మందు బొటనవేలి మీద ఒక చుక్క పడటం సెన్సిటైజేషన్‌కు అనువైన సందర్భం. పిచికారీకి బయలుదేరేటప్పుడు తొడుగులు వేసుకుని, మందు కలిపేటప్పుడు ఉత్తచేతులతో కలిపేవారు కాపలాను తప్పుచోట పెడుతున్నారన్నమాట.

చర్మం అప్పటికే పగిలి, ఒరిసి, తడిలో నాని ఉంటే పని మరింత సులువవుతుంది. రాపిడి రకం చర్మశోథను పట్టించుకోకుండా వదిలేసినవారిలో దాని మీదే అలర్జీ వచ్చి కూర్చోవడం తరచుగా జరుగుతుంది. ఆ దశలో రెండింటినీ విడదీసి చూడటం అనుభవజ్ఞుడైన వైద్యుడికి కూడా కష్టమే.

నాలుగో మెట్టు: ఒంటి మీద పటం గీయడం

దద్దు ఎక్కడ ఉందో కాగితం మీద మనిషి బొమ్మ గీసి గుర్తుపెట్టండి, వీలైతే రోజూ ఫొటో తీయండి. చేతి వెనుక, వేళ్ల సందులు, మణికట్టు మందు కలపడాన్ని సూచిస్తాయి. వీపు, నడుము కారుతున్న స్ప్రేయర్ ట్యాంకును చూపిస్తాయి. తొడలు, పిక్కలు అయితే తడిసిన పైరులో నడవడమే కారణం కావచ్చు. కనురెప్పలు, ముఖం, మర్మాంగాలు చేతితో తాకడం వల్ల అంటుకున్నవి కావచ్చు; మూత్రవిసర్జనకు తరువాతే కాక ముందు కూడా చేతులు కడుక్కోవాలని చెప్పేది అందుకే. శరీరంలోని అన్ని భాగాలూ మందును ఒకేలా పీల్చుకోవు. పారాథయాన్ అనే కీటకనాశిని మీద 1970ల తొలినాళ్లలో మనుషుల్లో జరిపిన ప్రసిద్ధ పరిశోధనలో ముంజేయి సుమారు 9 శాతం పీల్చుకుంటే, తలమాడు 32 శాతం, నుదురు 36 శాతం, చెవి రంధ్రం 46 శాతం పీల్చుకున్నాయి. వృషణాల చర్మమైతే దాదాపు మొత్తాన్నీ పీల్చేసింది.

ముఖం మీద వచ్చినప్పుడు ఒక చిన్న చిట్కా. పై కనురెప్పలు, చెవుల వెనుక, గడ్డం కింద కూడా దద్దు ఉంటే అది గాలిలో తేలివచ్చిన తుంపరదో ధూళిదో అయివుండే అవకాశం ఎక్కువ. ఈ నీడపట్టులను మాత్రం వదిలిపెట్టి మిగతా ముఖమంతా ఉంటే ఎండతో కలిసి పనిచేసే కారణాన్ని వెతకాలి. గాలిలో తేలేవాటిలో మందులే కాదు, వయ్యారిభామ వంటి కలుపు మొక్కల పొడి కూడా సరిగ్గా ఇలాంటి పటాన్నే గీస్తుంది. మందు కొట్టని రోజుల్లో కూడా చేనుకు వెళ్లగానే పెరుగుతుంటే మందును నిందించే ముందు ఆ మొక్క వైపు చూడాలి.

ఐదో మెట్టు: అనుమానితుల జాబితా

తెగుళ్ల మందులలో మాంకోజెబ్, మానెబ్, జినెబ్ వర్గం, థైరామ్, కాప్టాన్, ఫోల్పెట్, క్లోరోథలోనిల్, ఫ్లూఅజినమ్ సెన్సిటైజేషన్ కలిగించేవిగా బాగా పేరుపొందినవి. క్లోరోథలోనిల్ ఆలస్యపు రకాన్ని మాత్రమే కాక తక్షణ రకాన్ని కూడా కలిగించిన ఉదంతాలున్నాయి. పనామాలోని అరటి తోటల కార్మికుల్లో ముఖం, మెడ మీద కనిపించిన బూడిదరంగు మచ్చలకు దాన్ని కారణంగా అనుమానించారు. కలుపు మందులలో అలాక్లోర్ ఈ గుణం ఉన్నది. కీటకనాశినులలో మాలథయాన్ బలహీనమైన సెన్సిటైజర్. చేమంతి జాతి పువ్వుల నుంచి తీసే సహజ పైరెత్రమ్‌లోని లాక్టోన్లు అదే కుటుంబపు మొక్కల అలర్జీ ఉన్నవారిని ఇబ్బంది పెడతాయి. శుద్ధిచేసిన సారంలోను, కృత్రిమ పైరెత్రాయిడ్లలోను ఈ బెడద బాగా తక్కువ. సహజమైనది కనుక ప్రమాదం లేదన్న నమ్మకానికి ఇది మంచి సమాధానం. జీవసంబంధమైన మందులు కూడా మినహాయింపు కావు: బాసిల్లస్ థురింజియెన్సిస్ అనే బాక్టీరియా మందును చల్లే కార్మికుల రక్తంలో దానికి వ్యతిరేకమైన ఐజీఈ ప్రతిరక్షకాలు (తక్షణ రకం అలర్జీని నడిపేవి) కనిపించాయి, అయితే అలా కనిపించినవారందరికీ జబ్బు వచ్చినట్టు కాదు.

థైరామ్ కథ చెప్పకుండా ముందుకు పోలేను. ఇది విత్తనశుద్ధికి వాడే తెగుళ్ల మందు. ఇదే పదార్థాన్ని రబ్బరు గట్టిపడటానికి తొడుగుల తయారీలోనూ వాడతారు. అంటే మందు నుంచి రక్షణ కోసం రబ్బరు తొడుగులు వేసుకున్న మనిషికి ఆ తొడుగుల వల్లే అలర్జీ వచ్చి, ఆ తరువాత శుద్ధిచేసిన విత్తనాలను ముట్టుకున్నా దద్దు రావచ్చు. దీనికి తలకిందులుగానూ జరగవచ్చు. చేతి వెనుక భాగమంతా ఎర్రబడి మణికట్టు దగ్గర తొడుగు అంచున కచ్చితంగా ఆగిపోతే తొడుగునే అనుమానించాలి.

అసలు మందే దోషి కానవసరం లేదు. డబ్బాలో మందుతో పాటు ద్రావకాలు, తడిపే పదార్థాలు, రంగులు, ద్రవరూప మందు పాడవకుండా కలిపే ఐసోథయాజోలినోన్లు ఉంటాయి. ఈ చివరివి చాలా బలమైన సెన్సిటైజర్లు, పెయింట్లలోనూ కొన్ని శుభ్రపరిచే ద్రవాలలోనూ ఉంటాయి. ఒకే మందు ఒక తయారీలో పడి మరో తయారీలో పడకపోతే, లేదా సంబంధంలేని రెండు మందులకూ ఒకేలా దద్దు వస్తే, వీటిని పరీక్షించమని వైద్యుడిని అడగాలి. గ్లైఫోసేట్ తయారీలతో వచ్చే చర్మబాధ కూడా ఎక్కువగా వాటిలోని తడిపే పదార్థాలు చేసే రాపిడే.

ఆరో మెట్టు: లేబుల్, భద్రతా సమాచార పత్రం చదవడం

అంతర్జాతీయ ప్రమాదసూచికల పద్ధతిలో హెచ్317 (H317) అంటే చర్మానికి అలర్జీ కలిగించవచ్చునని, హెచ్334 అంటే పీల్చితే ఉబ్బసం వంటి లక్షణాలు కలగవచ్చునని అర్థం. మొదటిదానికి ఆశ్చర్యార్థక చిహ్నం, రెండోదానికి ఛాతీ మీద నక్షత్రం పగిలినట్టున్న మనిషి బొమ్మ ఉంటాయి. హెచ్315 కేవలం రాపిడిని, హెచ్314 చర్మాన్ని కాల్చే గుణాన్ని తెలుపుతాయి. భద్రతా సమాచార పత్రంలో (సేఫ్టీ డేటా షీట్) 16 విభాగాలుంటాయి. వాటిలో రెండో విభాగం ప్రమాదాలను, మూడోది పదార్థాలను, నాలుగోది ప్రథమ చికిత్సను, ఎనిమిదోది ఏ రకం తొడుగులు వేసుకోవాలో, పదకొండోది సెన్సిటైజేషన్ పరీక్షల ఫలితాలను చెబుతాయి.

సూచిక లేనంత మాత్రాన భయం లేదని కాదు. సెన్సిటైజర్ పాలు సాధారణంగా 1 శాతం, బలమైన రకమైతే 0.1 శాతం దాటినప్పుడే ఆ సూచిక వేయవలసి వస్తుంది. ఇప్పటికే అలర్జీ ఉన్న మనిషికి అంతకంటే ఎంతో తక్కువ చాలు. అందువల్ల అలర్జీ ఉన్నవారు సూచికలతో ఆగిపోకుండా పదార్థాల పేర్లు వెతకాలి.

ఏడో మెట్టు: ప్యాచ్ టెస్ట్

ఆలస్యపు రకాన్ని నిర్ధారించే ప్రామాణిక పరీక్ష ఇదే. 1895లో యోసెఫ్ యాదస్సోన్ ప్రవేశపెట్టిన ఈ పద్ధతి మూలసూత్రం ఇప్పటికీ మారలేదు: అనుమానితులను పలుచగా చేసి, చిన్న గిన్నెల్లో వీపు మీద అంటించి, 48 గంటల తరువాత తీసి చూస్తారు. మూడో రోజునో నాలుగో రోజునో మళ్లీ, కొన్నింటికి ఏడో రోజున ఇంకోసారి చూడాలి. మొదటిసారి చూసినప్పుడు ఎర్రబడి ఉండి తరువాత తగ్గిపోతే అది రాపిడి. రోజురోజుకూ పెరుగుతూ నీటిపొక్కులు వస్తే అలర్జీ. రెండో దర్శనానికి తీరిక లేదని వెళ్లకపోతే పరీక్ష సగమే అయినట్టు.

పరీక్షకు ముందు వీపు మీద వారంపాటు స్టెరాయిడ్ పూత రాయకూడదు, ఎండకు కమిలిపోకూడదు, నోటి ద్వారా స్టెరాయిడ్లు వాడుతుంటే చెప్పాలి. దురద మాత్రలు ఈ పరీక్షను పెద్దగా చెడగొట్టవు. తక్షణ రకానికి చేసే సూదిపోటు పరీక్షను మాత్రం చెడగొడతాయి. దద్దు మంచి ఉద్ధృతంగా ఉన్నప్పుడు ప్యాచ్ టెస్ట్ చేయించుకోకూడదు. లేబుళ్లు, భద్రతా పత్రాలు, తేదీలు వేసిన ఫొటోలు, వాడిన తొడుగులు, చర్మానికి రాసుకునే సబ్బులు, పూతలు కూడా తీసుకువెళ్లాలి.

ఇంట్లోనే ముంజేతి మీద ఒక చుక్క వేసుకుని చూద్దామన్న ఆలోచనను గట్టిగా కాదంటాను. చిక్కటి మందు ఎవరి చర్మాన్నైనా కాల్చగలదు, కనుక దద్దు వచ్చినా దానికి అర్థం లేదు. ఆర్గానోఫాస్ఫేట్లయితే ఒంట్లోకి దిగుతాయి. అన్నింటికీ మించి అలర్జీ లేనివారికి ఆ చుక్కతోనే సెన్సిటైజేషన్ కలగవచ్చు. క్లోరోథలోనిల్ వంటివాటిని వైద్యులు సైతం శాతంలో నూరో వంతు, వెయ్యో వంతు బలానికి పలుచన చేసి గాని వాడరు.

ఎనిమిదో మెట్టు: చికిత్స

తడి ఊరే పొక్కులకు చల్లని నీటిలో ముంచిన మెత్తని గుడ్డను రోజుకు మూడు నాలుగు సార్లు పావుగంట సేపు కప్పితే హాయిగా ఉంటుంది. ఆ పైన వైద్యుడు రాసిన స్టెరాయిడ్ పూత పనిచేస్తుంది: చేతులకు, కాళ్లకు బలమైనది, ముఖానికీ గజ్జలకూ బలహీనమైనది. ముఖానికి ఎక్కువకాలం అవసరమైతే టాక్రోలిమస్ వంటి స్టెరాయిడ్ కాని పూతలు సూచిస్తారు. ఒంటి మీద అయిదో వంతుకు పైగా వ్యాపిస్తే నోటి ద్వారా స్టెరాయిడ్ అవసరమవుతుంది, దాన్ని రెండు మూడు వారాల మీద మెల్లగా తగ్గిస్తూ రావాలి. అయిదు రోజులు వాడి తగ్గిందని ఆపేస్తే దద్దు రెట్టింపు ఉద్ధృతితో తిరిగి రావడం మామూలే, అప్పుడు రోగి మళ్లీ పురుగుమందు మీద తప్పు వేస్తాడు.

దురద మాత్రలు దద్దుర్లకు, అంటే తక్షణ రకానికి బాగా పనిచేస్తాయి. ఆలస్యపు రకంలో అవి మహా అయితే రాత్రి నిద్ర పట్టిస్తాయి. నియోమైసిన్ కలిసిన పూతలు, దురద తగ్గించే యాంటీహిస్టమిన్ పూతలు స్వయంగా అలర్జీ కలిగించగలవు కాబట్టి వాటి జోలికి పోకపోవడమే మేలు. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన గొట్టాలను వైద్యుడిని అడగకుండా నెలల తరబడి రాసుకుంటే చర్మం పలుచబడి, పురుగుమందులు దూరడానికి ఇంకా అనువవుతుంది. చీము, జ్వరం, ఎర్రని గీతలు పాకడం కనిపిస్తే సూక్ష్మక్రిములు చేరినట్టే.

తొమ్మిదో మెట్టు: తాకకుండా చూసుకోవడం

మందు కలిపే నిమిషాలే అన్నిటికంటే కీలకమని ముందే చెప్పాను. పొడి కంటే గుళికలుగానో, నీటిలో కరిగిపోయే సంచులుగానో, మూసిన గొట్టం ద్వారా ట్యాంకులోకి చేరే ఏర్పాటుతోనో దొరికే మందును ఎంచుకుంటే చెయ్యి మందును చూడవలసిన పనే ఉండదు. తొడుగులు కనీసం 0.36 మిల్లీమీటర్ల మందం ఉన్న నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరువి కావాలి. ఆసుపత్రుల్లో వాడే పలుచని తొడుగుల్లోంచి ద్రావకాలతో కూడిన మందు కొద్ది నిమిషాల్లోనే దిగిపోతుంది, ఇక గుడ్డవీ తోలువీ స్పాంజిలా పనిచేస్తాయి. తొడుగు లోపల మందు పడితే ఉత్తచేతికంటే ప్రమాదం, ఎందుకంటే మూసిన తడి చర్మం మరింత పీల్చుకుంటుంది. తలకంటే ఎత్తుకు కొట్టేటప్పుడు తొడుగు పైన, చొక్కా చెయ్యి లోపల ఉండాలి, తొడుగు అంచును మడత పెట్టాలి. కిందికి కొట్టేటప్పుడు చొక్కా చెయ్యి తొడుగు మీదికి రావాలి. విప్పే ముందు తొడుగులతోనే చేతులు కడగాలి. నైట్రైల్‌లో కూడా రబ్బరు రసాయనాలు ఉండవచ్చు కనుక థైరామ్ వర్గపు అలర్జీ ఉన్నవారు ఆ రసాయనాలు లేని తొడుగులను అడిగి తీసుకోవాలి. చర్మం మీద రాసుకునే రక్షక పూతలు తొడుగులకు ప్రత్యామ్నాయం కావు.

పిచికారీ బట్టలను ఇంటి బట్టలతో కలపకుండా, ముందు విడిగా నీటిలో జాడించి, 60 డిగ్రీల వేడినీటిలో ఘాటైన డిటర్జెంటుతో ఉతికి, ఎండలో ఆరవేయాలి. చిక్కటి మందు ఒలికిన బట్టలను ఉతకడం కంటే పారవేయడమే మంచిది. ఉతికేవారికి కూడా తొడుగులు కావాలి, చేలో ఎప్పుడూ అడుగుపెట్టని మనిషికి దద్దు రావడానికి కారణం చాలాసార్లు ఈ బట్టలే. మందు కొట్టిన చేలోకి లేబుల్ మీద చెప్పిన గడువుకు ముందు దిగకూడదు. ఆకు మీద ఆరినట్టు కనిపించిన మందు మంచుతోనో చెమటతోనో మళ్లీ తడిసి చర్మానికి చేరుతుంది.

అలర్జీ నిర్ధారణ అయిన తరువాత

ఇక్కడ నా అభిప్రాయాన్ని దాచుకోను: అలర్జీ ఖాయమైన మనిషి, తొడుగులు బాగా వేసుకుంటానన్న హామీ మీద, అదే మందుతో పని కొనసాగించడం చాలావరకు ఓడిపోయే పందెం. తొడుగు అంచున జారే చుక్క, ట్యాంకు పట్టీకి అంటిన మరక, నాజిల్ విప్పినప్పుడు తగిలిన తడి సరిపోతాయి. ముందు అదే తెగులుకు వేరే వర్గానికి చెందిన మందు ఉందేమో చూడాలి, అదీ వీలుకాకపోతే మందు కలపడం, ట్యాంకు కడగడం, విత్తనశుద్ధి వేరొకరికి అప్పగించాలి. వర్గం మారిందో లేదో పేరు చూసి చెప్పలేం. మాంకోజెబ్ పడని మనిషికి మానెబ్, జినెబ్ కూడా పడకపోవచ్చు, ఎందుకంటే అవి ఒకే కుదురువి; కాప్టాన్, ఫోల్పెట్ కూడా దగ్గరి చుట్టాలే. పైగా ఒకే పదార్థం ఎన్నో వ్యాపారనామాలతో, రెండు మూడు మందుల మిశ్రమాలలో అమ్ముడవుతుంది.

అందుచేత ప్యాచ్ టెస్ట్ ఫలితాన్ని వ్యాపారనామంతో కాకుండా రసాయన నామంతో, దాని వర్గంతో, అది ఇంకా ఏయే వస్తువుల్లో ఉంటుందో ఆ వివరంతో సహా వైద్యుడి చేత కాగితం మీద రాయించుకుని దగ్గర పెట్టుకోవాలి. కొత్త డబ్బా మూత తీసే ముందు లేబుల్ మీది పేర్లను ఆ కాగితంతో పోల్చి చూడాలి. తొలిసారి కలిపిన రోజును రాసిపెట్టుకుని, ఆ తరువాత మూడు రోజులు చేతులను, మెడను, కనురెప్పలను గమనించాలి. దద్దు కనిపిస్తే దాని ఫొటోను, అది కనిపించిన గంటను అదే కాగితం వెనుక చేర్చి మళ్లీ వైద్యుడి దగ్గరికి తీసుకుపోవాలి.